దిద్దిన కొంగు

సుబ్బలక్ష్మమ్మ కర్మలు ముగిసిన మరునాడే ఆమె మొగుడు ఈశ్వరప్ప ధర్మవరంలో తొలి బస్సెక్కి కొత్తచెరువు హైస్కూలుకు వచ్చాడు. తెలుగు పంతులు రామలింగయ్య అప్పుడు ఎనిమిదో తరగతిలో ఉన్నాడు. కిటికీ బయట చెప్పులు విడిచి చేతిలో పట్టుకొని నిలబడిన మనిషిని చూసి మొదట ఎవరో పిల్లవాడి తండ్రి అనుకున్నాడు. గుర్తుపట్టాక సుద్దముక్క బల్ల మీద పెట్టాడు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో బావ ఈ బడికి రావడం అదే మొదలు. అక్క ఉన్నన్నాళ్ళూ ఏ కబురైనా ఆమే తెచ్చేది, లేదా ఆమే పంపేది.

పిల్లలకు చూచిరాత ఇచ్చి బయటికి వచ్చాడు. నిన్న సాయంత్రమే విడిపోయిన మనుషులు కాబట్టి ఇద్దరికీ కుశలాలు లేవు.

"ఆ టేపు ఉండాది గదా. అది కావల్ల," అన్నాడు ఈశ్వరప్ప.

అక్క గొంతు ఉన్న టేపు అదొక్కటే. ఆమె పోయాక దాన్ని ముట్టుకోవడానికి రామలింగయ్యకే ధైర్యం చాలలేదు. ఇప్పుడే వింటే తట్టుకోలేవు బావా, ఒక ఏడాది పోనీ, అని మెల్లగా నచ్చజెప్పబోయాడు. ఈశ్వరప్ప అతని వంక కొంచెం వింతగా చూశాడు.

"ఏడ్చేదానికి కాదప్పా. ఏడ్చేదానికి టేపెందుకు? కొంగు నేయల్ల."

సంగతి ఇది. ధర్మవరంలో వాళ్ళ వీధి అమ్మవారు చౌడమ్మకు జ్యోతుల పండుగనాడు కట్టే పట్టుచీర ఏటా ఈశ్వరప్ప ఇంటి నుంచే పోవాలి. అది ఆ ఇంటి వరస. మిగతా చీరలు ఎట్లా నేసినా సరే, ఆ ఒక్క చీర మాత్రం జాకార్డు మీద నేయరు. వీధిలో అన్ని ఇళ్ళకూ జాకార్డు పెట్టెలు వచ్చి, చిల్లులు పొడిచిన అట్టలే పూలూ మామిడిపిందెలూ వేస్తున్న రోజుల్లో కూడా ఆ చీరకు పాత పద్ధతే. ఒకరు మగ్గం గుంటలో కూర్చుని కాళ్ళతో తొక్కి, దారపు కండె ఉన్న నాడె విసరాలి. ఇంకొకరు ఎదురుపీట మీద కూర్చుని పైనుంచి వేలాడే దారాల కట్టలను లాగాలి. ఏ కట్ట లాగాలో, లాగిన తర్వాత ఎన్ని పేకలు, అంటే అడ్డపోగులు, పడాలో ఎదురుపీట మనిషికే తెలియాలి. అందులో ఒకటి తప్పినా పువ్వు పువ్వుగా ఉండదు.

సుబ్బలక్ష్మమ్మ పన్నెండో ఏట ఆ పీట ఎక్కింది. మొదట తండ్రికి ఎదురుగా, ఆ తర్వాత ఇల్లరికం వచ్చిన మొగుడికి ఎదురుగా. ఆ చీరకు కూర్చున్నప్పుడు ఆమె పాడుతూ లాగేది. ఈ ఏడు చీర నడిమి భాగం, ఒడలు, మొత్తం అయింది, అంచులు అయ్యాయి, కొంగు మొదలుపెట్టబోయే ముందు జ్వరం వచ్చింది. తొమ్మిది రోజుల జ్వరం. పండుగ ఇంక ఇరవై మూడు రోజులుంది.

వేరే చీర చూసి నేద్దామంటే ఆ కొంగు ఉన్న చీర ఎక్కడా లేదు. అమ్మవారికి కట్టిన పాత చీరలను గుడివాళ్ళు జరీ కరిగించేవాళ్ళకు వేసేస్తారు. అక్క పెళ్ళిచీరకు అదే కొంగు ఉండేది. దాన్ని పెట్టెలోంచి తీసి పాడె మీద ఆమెకు కప్పింది రామలింగయ్యే. ఇంట్లో ఉన్నవాటిలో అదే మంచి చీర అని.

"పాట ఉంటే చాలు," అన్నాడు ఈశ్వరప్ప. "లాగేదానికి కండెలు చుట్టే తిప్పమ్మ కూచుంటాది. పాటలో అంతా ఉండాది."

పాటలో అంతా ఉండాది అన్న మాట రామలింగయ్యకు సరిగా ఎక్కలేదు. పాటలో అక్క ఉంది, నిజమే అనుకున్నాడు. ఆదివారం టేపూ రికార్డరూ తానే తెస్తానని చెప్పి బావను బస్సెక్కించి తరగతిలోకి పోయాడు.

*

రామలింగయ్యకు ఊళ్ళో సంగీతం తెలిసిన మనిషి అని పేరు. చిన్నప్పుడు ఒక భజన పంతులు దగ్గర హార్మోనియం నేర్చాడు. కొత్తచెరువులో శ్రీరామనవమి కచేరీలు పదేళ్ళుగా అతని చేతిమీదే జరుగుతున్నాయి. పాట పాడటం కంటే పాట వినటం కష్టమని అతని నమ్మకం, అదే పిల్లలకు నేర్పేవాడు. నిటారుగా కూర్చోవాలి, చేతులు ఒళ్ళో పెట్టుకోవాలి, కదలకూడదు, పక్కవాడితో మాట్లాడకూడదు. చేతిలో పని పెట్టుకొని వినేవాడికి చెవులు సగమే ఉంటాయని చెప్పేవాడు. బడి వార్షిక సంచికలో దీని మీద రెండు వ్యాసాలు కూడా రాశాడు.

ఒక నవమికి అక్కా బావా ధర్మవరం నుంచి వచ్చారు. కచేరీ నడుస్తుండగా ముందు వరసలో కూర్చున్న ఈశ్వరప్ప కాలు దానంతట అది నేల మీద ఆడటం మొదలుపెట్టింది. తాళానికి కలవని ఆట. రెండు ఒకచోట, నాలుగు ఒకచోట, నడుమ ఊరికే ఆగడం. మృదంగం ఆయన ఒకసారి అటు చూశాడు. రామలింగయ్య లేచి పోయి బావ మోకాలి మీద చెయ్యి వేసి, ఆపు బావా, అని చెవిలో చెప్పాడు. ఈశ్వరప్ప ఆపాడు. ఆ తర్వాత ఏ నవమికీ రాలేదు. మగ్గం మీద పని ఉంది అని అక్క ఒక్కతే వచ్చేది.

డెబ్బై తొమ్మిదిలో, రేడియో కోసం పల్లెపాటలు పోగుచేసే ఒక ఆయన పెద్ద రికార్డరుతో ఆ పక్కకు వచ్చాడు. తాడిపత్రి వైపు బండరాళ్ళు కొట్టేవాళ్ళ పాటలు తీసుకొని, నేతవాళ్ళ పాటలు ఎవరి దగ్గర ఉంటాయని అడిగితే అందరూ రామలింగయ్య పేరు చెప్పారు. రామలింగయ్యకు చాలా సంతోషమైంది. నేతపాట ఎందుకు, మా అక్క దగ్గర అమ్మవారి చీరపాట ఉంది, నూరేళ్ళకు ముందుదో ఇంకా పాతదో, అన్నాడు.

ఆ పాట అతనికి పుట్టినప్పటి నుంచి తెలుసు. తల్లి లేని పిల్లవాడు. అక్కకు అతని కంటే పన్నెండేళ్ళు ఎక్కువ. మగ్గం గుంట పక్కన గోనెపట్టా మీద పడుకోబెట్టి ఆమె ఎదురుపీట ఎక్కేది. ఆ పాట తనను నిద్రపుచ్చడానికే పాడుతోందని చాలా ఏళ్ళు నమ్మాడు. ఆ ఎదురుపీట అసలు ఇంటి మగపిల్లవాడిది. వాడు ఆరేడేళ్ళకు ఎక్కి, లాగుడూ పాటా రెండూ ఒకేసారి నేర్చుకోవాలి. వాడిని బడికి పోనీ నాయనా, నేనే కూర్చుంటాలే, అని తండ్రితో చెప్పి ఆమె అక్కడే ఉండిపోయింది. అందువల్ల రామలింగయ్య చదువుకున్నాడు. పాటను మాత్రం పక్కన పడుకొని విన్నాడు, అంతే.

రికార్డింగుకు మూడు రోజుల ముందు ధర్మవరం పోయి అక్క చేత చెప్పించుకొని నోటుబుక్కులో రాసుకున్నాడు. రాసుకొని చూస్తే మనసు చిన్నబోయింది. మామిడి కొమ్మకు మూడే పూలట. చెరువు గట్టున ఐదే కొంగలట. రాణిగారి మెడలో పూసలు కూడా వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నేనట. పాడేటప్పుడు ప్రతి వరస చివరా హూఁ అని ఒక మూలుగు, ఆ తర్వాత ఊరికే ఆగడం. ఒకచోట తక్కువ, ఒకచోట ఎక్కువ. ఏ తాళంలోనూ పట్టదు. కరువు మన వాళ్ళ ఊహను కూడా ఎండగట్టింది, పాటలో కూడా పది దాటి పూలు పూయించుకోలేకపోయారు, అని అతనికి నిజంగానే జాలి కలిగింది. ఆ మాటే తర్వాత వార్షిక సంచికలో రాశాడు. చాలామంది మెచ్చుకున్నారు.

కాబట్టి దిద్దాడు. మూడే పూలు వేయి పూలయ్యాయి. ఐదే కొంగలు వెండి కొంగలయ్యాయి. రాణిగారి పూసలు రత్నపు పూసలయ్యాయి. హూంకారాలు తీసేశాడు. ఆగే చోట్లన్నీ పూడ్చి పాటను ఆదితాళంలో కూర్చోబెట్టాడు. సాయంత్రం అక్కకు వల్లె వేయించాడు.

సుబ్బలక్ష్మమ్మ ఒక్కసారే అడ్డం చెప్పింది. కండె చుట్టుకుంటూ, తల ఎత్తకుండా.

"మూడంటే మూడే రా. మూడు కాకపోతే చెడిపోతాది."

ఏం చెడిపోతుందని అతను ఆ ఒక్క మాట అడగలేదు. కవిత్వంలో ఉన్నదాన్ని ఉన్నంతే చెప్పనక్కరలేదని, దాన్ని అతిశయోక్తి అంటారని, పెద్ద పెద్ద కవులంతా అట్లే చేశారని, తరగతిలో చెప్పినంత ఓపికగా చెప్పాడు. తాను చదివించిన తమ్ముడు చెప్తున్నాడు. ఆమె విన్నది.

రేడియో ఆయన మగ్గం దగ్గరే రికార్డు చేద్దామన్నాడు. ఆ చప్పుడులో పాట పోతుంది, అక్షరం వినబడదు అని రామలింగయ్యే వద్దన్నాడు. ఆదివారం పిల్లలు లేని బడిలో, హెడ్మాస్టరు కుర్చీ వేసి ఆమెను కూర్చోబెట్టారు. చేతులకు ఏమీ లేకపోతే పాట రాదు రా, అన్నది ఆమె. నవ్వి, చేతులు ఒళ్ళో పెట్టుకో అక్కా, అన్నాడు. కొంచెంసేపు ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత కుర్చీ చేతులు పట్టుకుంది.

పాట రేడియోలో వచ్చింది. గానం ధర్మవరం చేనేత మహిళ, పరిష్కరణ రామలింగయ్య అని చెప్పారు. అక్క పేరు చెప్పలేదే అని అతనికి ఆ పూట తట్టలేదు. ఈశ్వరప్ప ఆ వేళకు మగ్గం మీద ఉన్నాడు. సుబ్బలక్ష్మమ్మ పక్కింటి రేడియోలో విని వచ్చింది. ఎట్లుండాది అని మొగుడడిగితే, బాగుండాది, నీళ్ళలో జాడించినట్లుండాది, అన్నదట. ఈశ్వరప్ప అది పొగడ్తే అనుకున్నాడు.

*

ఆదివారం రామలింగయ్య పోయేసరికి మగ్గం గది సిద్ధంగా ఉంది. ఎండకు పట్టుపోగు పుటుక్కున తెగిపోతుందని గుంట చుట్టూ తడిపిన గోనెపట్టాలు పరిచారు. వీధి చివర కొళాయికి వారానికి రెండుసార్లే నీళ్ళొస్తున్నాయి. తాగే నీళ్ళలోంచి తీసి పోసినవే అవి. ఈశ్వరప్ప గుంటలో కాళ్ళు దించి కూర్చున్నాడు. ఎదురుపీట మీద తిప్పమ్మ. ఆమె వితంతువు, ఆ ఇంటికి కండెలు చుట్టిపెట్టేది. అక్కతో నలభై ఏళ్ళ స్నేహం. మంచి నోరు.

"ఏమప్పా ఐవోరూ, మగ్గం కాడికి దావ తెలిసెనా?" అన్నది. "కాళ్ళు జాగ్రత్త. ఈడ బల్లలూ కుర్చీలూ లేవు."

రామలింగయ్య రికార్డరు కిటికీలో పెట్టాడు. రేడియో ఆయన నకలు తీసి ఇచ్చిన ఈ టేపును అతను బడిలో పిల్లలకు చాలాసార్లు వినిపించాడు. మొదట్లో గొంతు సరిచూసుకున్న ముక్క ఏదో ఉందని, ప్రతిసారీ కొంత దూరం తిప్పి పాట దగ్గర్నుంచే పెట్టేవాడు. ఈ రోజు ముందుకు తిప్పడం మరచి మొదటి నుంచే పెట్టేశాడు.

టేపులో కుర్చీ కిర్రుమంది. రేడియో ఆయన దగ్గి, ఊరికే ఒక వరస పాడండమ్మా, అన్నాడు. అక్క గొంతు వచ్చింది. ఎవరూ దిద్దని గొంతు, కొంచెం జీరగా, ఎదురుగా ఎవరో ఉన్నట్టు.

"మామిడి కొమ్మకు మూడే పూలమ్మా... హూఁ."

ఆగింది. తిప్పమ్మ చెయ్యి ఆమెకు తెలియకుండానే పూల కట్టను లాగింది. ఈశ్వరప్ప కాలు పడింది. నాడె ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు, మళ్ళీ అటు. మూడు దెబ్బలు. ఆ మూడు దెబ్బలూ పాట ఆగిన ఖాళీలో సరిగ్గా పట్టాయి. మూడోది పడీపడకముందే టేపులో ఆమె, "చెరువు గట్టున..." అని ఎత్తుకుంది. చనిపోయిన మనిషి మొగుడి కాలు ఆగే వరకూ ఆగి, మళ్ళీ పాడినట్టు ఉంది. చిన్నప్పటి నుంచి విన్న పాటలో సగం అక్క పాడేది కాదు, మగ్గం పాడేది. ఆ సంగతి రామలింగయ్యకు నలభై ఆరో ఏట తెలిసింది.

తెలిసిన ఆ క్షణంలోనే టేపులో అతని గొంతు అడ్డం వచ్చింది. నాలుగేళ్ళ కిందటి గొంతు, చక్కగా, స్పష్టంగా.

"అక్కా, మూడు కాదు, వేయి. మనం అనుకున్నట్టే. ఆ హూంకారం వద్దు. నడుమ ఆగొద్దు."

"సరేలే నాయనా," అన్నది ఆమె.

తర్వాత పాట మొదలైంది. తియ్యగా, వరస తప్పకుండా, ఆదితాళంలో. ఈశ్వరప్ప ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి విన్నాడు. వేయి పూలు పోయాయి. వెండి కొంగలు పోయాయి. తిప్పమ్మ రెండు చేతులూ దారాల దగ్గర పెట్టుకొని ఈశ్వరప్ప వైపోసారి, రామలింగయ్య వైపోసారి చూసింది. కొంగు పాట మొత్తం అయిపోయింది. ఎక్కడా ఒక నాడె దూరేంత సందు లేదు.

ఈశ్వరప్ప మళ్ళీ పెట్టమన్నాడు. పెట్టాడు. మూడోసారీ పెట్టమన్నాడు. మూడోసారి అయ్యాక చేతులు మగ్గం పలక మీద ఆనించి అడిగాడు.

"లెక్కలు యాడ పెట్టినావు రామలింగా?"

అప్పుడు రామలింగయ్యకు తాను దిద్దిన సంగతి చెప్పక తప్పలేదు. చెప్తుంటే ప్రతి మాటా ఎదుటివాడి చెవికే కాదు, తన చెవికి కూడా కొత్తగా వినిపించింది. పూలంటే కుడి పక్క కట్ట అని, కొంగలంటే నడిమి కట్ట అని, పూసలంటే చివరిదని తిప్పమ్మ చెప్పింది. హూఁ అంటే లాగు అని. మూడంటే మూడు పేకలు. ఒడలుకు ఒక లెక్క, కొంగుకు ఇంకో లెక్క. కొంగు పాటలో ముప్పై ఆరు వరసలు ఉన్నాయి. ఆ ముప్పై ఆరు లెక్కలూ సుబ్బలక్ష్మమ్మ నోట తప్ప ఇంకెక్కడా లేవు.

నీకు జ్ఞాపకం లేదా బావా, ఇన్నేళ్ళు నేశావే, అన్నాడు రామలింగయ్య. అడిగాక సిగ్గుపడ్డాడు.

"నేనెప్పుడు వింటినప్పా ఆ పాట," అన్నాడు ఈశ్వరప్ప. "ఆమె అంటే నా కాలు పడేది. కాలితో విన్నా. కాలికి మాటలు యాడ గుర్తుంటాయి?" తర్వాత అడిగాడు, "ఆమె నీకు చెప్పలేదా?"

"చెప్పింది," అన్నాడు రామలింగయ్య.

తిప్పమ్మ పీట దిగి కొంగు ముఖాన పెట్టుకుంది. ఏడ్చిందో, చెమట తుడుచుకుందో చూసే ధైర్యం అతనికి లేకపోయింది.

*

నోటుబుక్కు ఉంది. ఆ మాట తట్టగానే కొత్తచెరువుకు పరుగెత్తాడు. అటక మీద పాత పరీక్ష కాగితాల కింద దొరికింది. పేజీ తీసి కిటికీ వెలుగులో పెట్టాడు.

రామలింగయ్య తరగతిలో ఒక నియమం ఉండేది. తప్పు రాస్తే ఊరికే అడ్డగీత కొట్టకూడదు. కొట్టేసిన మాట అడుగున ఏముందో ఎవరికీ కనబడకుండా పూర్తిగా మూసి, పైన మంచి మాట రాయాలి. తప్పును మళ్ళీ చూడటం కూడా తప్పే అనేవాడు. ఆ నియమం పిల్లల కంటే ముందు తాను పాటించేవాడు. ముప్పై ఆరు వరసల్లోనూ అంకె ఉన్నచోట ఎర్రసిరా చతురస్రం ఒకటి. నాలుగు మూలలూ సమంగా. పైన చక్కని అక్షరాలతో వేయి, వెండి, రత్నపు, ముత్యపు, కోటి. కాగితాన్ని ఎండలో పెట్టి చూశాడు. వెనక నుంచి చూశాడు. నూనె రాసి చూశాడు. నూనెకు ఎర్రసిరా ఇంకా పరుచుకుంది.

జ్ఞాపకం చేసుకోబోయాడు. కళ్ళు మూసుకొని మనసులోనే గుంట పక్కన గోనెపట్టా మీదికి పోయి పడుకున్నాడు. అక్క పాడుతుంది. కానీ నోరు తెరిస్తే వేయి పూలే వస్తాయి. నాలుగేళ్ళుగా బడి పండుగలకు ఆడపిల్లల చేత తానే పాడించాడు. కొత్తచెరువులో ఇరవై ముప్పై నోళ్ళలో ఆ పాట ఉంది, ఒక్క తప్పు లేకుండా. తాను దిద్దిన ప్రతి మాటా గుర్తుంది. కింద ఉన్నవాటిలో మూడు, ఐదు తప్ప ఒక్కటీ గుర్తులేదు. పద్యాలు వందల కొద్దీ అప్పజెప్పగల మనిషి.

సెలవు పెట్టి ధర్మవరం పోయాడు. నేను కూర్చుంటా బావా, మూడు, ఐదు తెలుసు కదా, మిగిలినవి వేసి చూద్దాం, అన్నాడు. ఈశ్వరప్ప వద్దనలేదు. ఆరేళ్ళప్పుడు ఎక్కాల్సిన పీట రామలింగయ్య అట్లా ఎక్కాడు. తిప్పమ్మ కట్టలు చూపించింది. లాగితే దారం వేళ్ళను కోసింది. అక్క వేళ్ళ సందుల్లో కాయలు ఎందుకు కాశాయో అతనికి ఆ రోజు తెలిసింది. అవి రాట్నానివి అనుకునేవాడు.

మూడు, ఐదు అయ్యాక ఏడు వేసి చూశారు. మామిడిపిందె నడుము విరిగి కాకరకాయలా వచ్చింది. ఊడదీశారు. నాలుగు వేసి చూశారు. ఊడదీశారు. ఊడదీసినప్పుడల్లా పట్టుపోగులు నాలుగైదు తెగేవి. తెగిన ప్రతి పోగునూ ఈశ్వరప్ప ఉమ్మితో తడిపి, వేళ్ళతో మెలిపెట్టి అతికించేవాడు. ఎనిమిది రోజులు అట్లా గడిచాయి. కొంగులో నాలుగు వేళ్ళ మందం కూడా నిలవలేదు. బావ తిట్టి ఉంటే బాగుండునని రామలింగయ్య రోజూ అనుకున్నాడు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఈశ్వరప్ప నాడె పక్కన పెట్టాడు.

"చాల్లే, లేచిరా," అన్నాడు. "నీ పాట బడికి పనికొస్తాది. టేపు కూడా తీసుకపో."

"అక్క గొంతు బావా. నీ దగ్గర ఉండనీ."

"ఆమెది ఒక్క వరస. ఆ ఒక్కదాని కోసం మిగిలిందంతా నేను వినలేను."

ఆ మిగిలిన రోజుల్లో ఈశ్వరప్ప ఒక్కడే కూర్చుని కొంగు నేశాడు. లాగే మనిషి అక్కరలేని నేత. సాదా ఎరుపు, చివర రెండు జరీ గీతలు, అంతే. వీధిలో వాళ్ళు ఆ గదిలోంచి వచ్చే దెబ్బలు విని, ఎక్కడా ఆగకుండా పోతోందే ఈశ్వరప్ప మగ్గం అని చెప్పుకున్నారట.

*

జ్యోతుల పండుగకు రామలింగయ్య పోయాడు. పోకుండా ఉండే మార్గం లేదు. పూజారి చీర విప్పి, ప్రతి ఏడూ చేసినట్టే కొంగు ముందుకు వచ్చేలా అమ్మవారికి కట్టాడు. కట్టి, ఒక అడుగు వెనక్కి వేసి చూసి, మళ్ళీ దగ్గరికి పోయి కొంగును తిప్పి చూశాడు, పూలు లోపలి వైపు ఉన్నాయేమో అని. ముందు నిలబడిన ఆడవాళ్ళలో గుసగుస మొదలైంది. చౌడమ్మ కొంగు బోసిగా ఉండాది అని ఒక ముసలామె పైకే అన్నది.

వీధి పెద్ద గంగాధరప్ప ఈశ్వరప్పను పక్కకు పిలిచాడు. మంచి మనిషి. చావు జరిగిన ఇల్లు అని గొంతు తగ్గించే మాట్లాడాడు. సుబ్బలక్ష్మమ్మ లేని లోటు ఎవరూ తీర్చలేరని, వచ్చే ఏడు నుంచి ఆ వరస నారాయణప్ప ఇంటికి ఇద్దామని పెద్దలు అనుకున్నారని, వాళ్ళు జాకార్డు మీద ఏ పూలు కావాలంటే ఆ పూలు వేయిస్తారని చెప్పాడు. ఈశ్వరప్ప తల ఊపాడు. గంగాధరప్ప అంతటితో ఊరుకోక, కొంగు ఎందుకు ఇట్లయింది అన్నా, పాట ఉన్నింది గదా మీ ఇంట్లో, రేడియోలో కూడా వచ్చింది గదా, అన్నాడు.

ఈశ్వరప్ప రెండడుగుల దూరంలో నిలబడిన రామలింగయ్యను చూశాడు. కోపంగా చూడలేదు. ఊరికే, అక్కడ ఉన్న మనిషిని చూసినట్టు చూశాడు.

"అది మా బామ్మర్ది దిద్దిన కొంగప్పా," అన్నాడు. "చదువుకున్నోడు. తప్పులన్నీ తీసేసినాడు."

గంగాధరప్పకు అర్థం కాలేదు. గౌరవంగా ఉంటుందని రామలింగయ్యకు నమస్కారం పెట్టాడు. రామలింగయ్య తిరిగి పెట్టాడు.

అంతలో గుడి ముందు, అమ్మవారి కొలువుకు వాయించే ఉరుములవాళ్ళు డప్పులు సెగకు కాచుకొని అందుకున్నారు. ఒక దెబ్బ, ఆగడం, నాలుగు దెబ్బలు, ఆగడం. ఆ ఆగే చోట్లలో నెత్తిన జ్యోతులెత్తినవాళ్ళ అడుగులు పడ్డాయి. గుంపులో అందరి కాళ్ళూ కదిలాయి. ముసలామె కాలు కదిలింది. తిప్పమ్మ కాలు కదిలింది. ఈశ్వరప్ప కాలు కదలబోయి, ఎందుకో ఆగి, ఆ తర్వాత కదిలింది.

రామలింగయ్య తాను పిల్లలకు నేర్పినట్టే చేతులు కట్టుకొని, నిటారుగా, కదలకుండా నిలబడి విన్నాడు.